బడి తెరుచుకుంది, మరి మిగిలిపోయిన పాఠం?



మన ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గర మేము తరచుగా చూసే దృశ్యం ఒకటుంది. బి.పి., షుగరు మందులకు వచ్చిన పెద్దమ్మ చీటీ తీసుకుని పక్కనున్న మనవడి చేతికిస్తుంది. "చదవరా నాన్నా, పొద్దున వేసుకునేది ఏది, రాత్రి వేసుకునేది ఏది?" అంటుంది. మనవడు హైస్కూలులో చదువుతున్నాడు. "భోజనం తరువాత ఒకటి" అని తెలుగులో పెద్ద అక్షరాలతోనే రాసి ఉంటుంది. వాడు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటాడు, సగంలో ఆగిపోతాడు, సిగ్గుపడి చీటీ తిరిగి ఇచ్చేస్తాడు. "ఏం చదువులో ఏమో, ఎప్పుడు చూసినా ఆ ఫోనే" అని పెద్దమ్మ విసుక్కుంటుంది. పిల్లవాడు తల వంచుకుంటాడు.

ఆ పిల్లవాణ్ణి తప్పుపట్టే ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. 2020లో వాడు ఏ తరగతిలో ఉన్నాడు? ఒకటో, రెండో అయి ఉంటుంది. అక్షరాలు గుణింతాలై, గుణింతాలు మాటలై, మాటలు వాక్యాలయ్యే వయసు అది. సరిగ్గా అప్పుడే బడి మూతపడింది. వాడి బడిని తీసుకొచ్చి మనం ఒక ఫోనులో పెట్టాం. ఆ ఫోను వాళ్ల నాన్న జేబులో ఉంది. ఆ నాన్న పొద్దున్నే పనికి వెళ్లిపోయేవాడు.

అంటే తప్పు వాడిది కాదు. వాడికి రావలసింది వాడికి అందలేదు. ఈ నెల మేము చెప్పదలచుకున్న మాట ఇదే.

అయిపోయిన సంగతేనా?

"కరోనా పోయి ఇన్నేళ్లయింది, ఇంకా ఆ మాటలెందుకు?" అని కొందరు అడుగుతారు. ఆసుపత్రిలో పనిచేసే మాకు ఒక విషయం బాగా తెలుసు. జ్వరం తగ్గిన రోజే రోగి కోలుకున్నట్టు కాదు. టైఫాయిడు తగ్గాక కూడా నీరసం చాలా రోజులు ఉంటుంది. అందుకే ఇంటికి పంపేటప్పుడు "మళ్లీ ఫలానా రోజున వచ్చి చూపించుకోండి" అని చెబుతాం. కరోనా రోజుల్లో మన చదువులు, కొలువులు ఒక్కసారిగా ఆన్‌లైనుకు మారాయి. ఆ మార్పు వల్ల వచ్చిన నీరసం కొన్ని ఇళ్లలో ఇంకా పోలేదు. కాని మళ్లీ చూపించుకోమని ఆ ఇళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇంటి మీద పడిన బడి

2020 మార్చి మధ్యలో బడులు మూతపడ్డాయి. మార్చి 25 నుండి దేశమంతా లాక్‌డౌన్. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ఛానెల్‌లో పాఠాలు మొదలుపెట్టారు. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో డిజిటల్ పాఠాలు వచ్చాయి. ప్రైవేటు బడులు జూమ్‌లో, వాట్సాప్‌లో క్లాసులు నడిపాయి. టీచర్లు తమ సొంత ఫోన్లతో, సొంత రీచార్జీలతో ఎంతో కష్టపడ్డారు. వారి శ్రమను మేము తక్కువ చేయడం లేదు.

అయితే చిన్నపిల్లల సంగతి చూడండి. తెలంగాణలో ఒకటి నుండి ఐదు తరగతుల పిల్లలకు 2020 మార్చిలో మూసిన బడి 2021 సెప్టెంబరు 1న కాని తెరుచుకోలేదు. దాదాపు ఏడాదిన్నర. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరిలో చిన్న తరగతులు తెరిచారు కాని రెండో ఉధృతి రాగానే ఏప్రిల్‌లో మళ్లీ మూశారు. తిరిగి తెరిచింది ఆగస్టు 16న.

ఈ కాలమంతా చదువు ఇంటి మీద పడింది. ఇంటి మీద పడిన చదువు ఇల్లు ఎలా ఉంటే అలా సాగింది. విడిగా ఒక గది, విడిగా ఒక ఫోను, పక్కన కూర్చుని చెప్పగలిగే అమ్మ ఉన్న ఇంట్లో కొంతవరకు సాగింది. ఒకే గదిలో ఆరుగురుండే ఇంట్లో, ముగ్గురు పిల్లలకు ఒకే ఫోను ఉన్న ఇంట్లో, అమ్మానాన్నలిద్దరూ కూలికి వెళ్లే ఇంట్లో అది ఆగిపోయింది. ఫోను ఉందంటే చదువు అందినట్టే అనుకున్నాం. 2021లో దేశవ్యాప్తంగా జరిగిన 'అసర్' విద్యా సర్వే చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. బడిలో పేరున్న పిల్లల్లో నూటికి 67 మందికి పైగా ఇంట్లో స్మార్ట్‌ఫోను ఉంది. కాని అలా ఫోనున్న ఇళ్లలోని పిల్లల్లో కూడా నలుగురిలో ఒకరికి అది చదువుకోవడానికి అసలు దొరకలేదు. దాదాపు సగం మందికి అప్పుడప్పుడు మాత్రమే దొరికింది.

ఇంట్లో ఒకే ఫోను ఉన్నప్పుడు అది ఎవరి చేతికి వెళ్లింది? మన సంఘ కుటుంబాల్లోనే అడిగి చూడండి. చాలా చోట్ల పదో తరగతి చదివే అన్నయ్యకు వెళ్లింది. చెల్లెలు చంటిపిల్లను ఎత్తుకుంది, నీళ్లు మోసింది, వంట నేర్చుకుంది. పల్లెల్లో కొందరు పిల్లలు పత్తి చేలకు వెళ్లారు. కొందరు ఆడపిల్లలకు పెళ్లిళ్లే అయిపోయాయి.

ఇంట్లోకి వచ్చిన కొలువు, ఇంటి నుండి పోయిన కొలువు

కొలువుల విషయంలోనూ ఇలాగే జరిగింది. కంప్యూటరు ముందు కూర్చుని చేసే పని ఇంటికి వచ్చింది. హైదరాబాదులో, బెంగళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే పిల్లలు సొంత ఊళ్లకు వచ్చి, సిగ్నల్ కోసం మిద్దె ఎక్కి పని చేశారు. జీతం ఆగలేదు. అమ్మ చేతి వంట దొరికింది. ఆ ఇళ్లకు అది మేలే.

కాని ఆ ఉద్యోగుల మీద ఆధారపడి బతికిన వాళ్ల సంగతేమిటి? మాదాపూర్‌లో హాస్టలు నడిపిన ఆయన, అమీర్‌పేటలో టిఫిను బండి పెట్టుకున్న అక్క, ఆఫీసులకు క్యాబు తోలిన తమ్ముడు, ఇస్త్రీ చేసే పెద్దాయన, ఇళ్లలో అంట్లు తోమే అమ్మ. వీళ్ల పని ఫోనులోకి మారేది కాదు. ఇడ్లీ ఆన్‌లైనులో ఉడకదు, అంట్లు ఆన్‌లైనులో తోమలేం. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2020 ఏప్రిల్, మే నెలల్లో దేశంలో దాదాపు 10 కోట్ల మంది పని పోగొట్టుకున్నారు. చాలామందికి తరువాత పని దొరికింది. అయితే మునుపటి సంపాదన వెంటనే తిరిగి రాలేదు.

మన సంఘాల్లో ఎక్కువగా దెబ్బతిన్నది ప్రైవేటు బడుల టీచర్లు. బడి ఆన్‌లైనుకు వెళ్లగానే ఆరుగురు చెప్పే పాఠం ఒకరే చెప్పవచ్చని యాజమాన్యాలు చూశాయి. తల్లిదండ్రులు ఫీజు కట్టలేదు, యాజమాన్యాలు జీతం ఇవ్వలేదు. బి.ఎడ్. చదివినవారు కూరగాయలు అమ్మారు, ఉపాధి హామీ పనికి వెళ్లారు. బడి వ్యాను డ్రైవర్లు, ఆయాలు అయితే ఎవరి లెక్కలోకీ రాలేదు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు బడుల టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. చదువు చెప్పేవారికి బియ్యం ఇవ్వవలసి వచ్చిందంటే పరిస్థితి ఎక్కడిదాకా వెళ్లిందో ఆలోచించండి.

పని పోయిన ఇంట్లో ఫోను మరో రూపంలో కాటు వేసింది. అదే అప్పు యాప్. కాగితాలు అక్కర్లేదు, పూచీకత్తు అక్కర్లేదు, నిమిషాల్లో డబ్బు అన్నారు. వడ్డీతో కలిపి తీర్చలేకపోతే ఫోనులో ఉన్న బంధువులందరికీ ఫోన్లు చేసి పరువు తీశారు. 2020 చివరలో హైదరాబాదులో ఇలాంటి కేసులు ఎన్నో బయటపడ్డాయి. కొందరు ప్రాణాలే తీసుకున్నారు. 2020 డిసెంబరు 23న రిజర్వు బ్యాంకు ఈ యాప్‌ల గురించి ప్రజలను హెచ్చరించింది. ఆ మోసాలు రూపం మార్చుకుని నేటికీ నడుస్తూనే ఉన్నాయి. "ఇంట్లో కూర్చుని వీడియోలకు లైకు కొట్టండి, రోజుకు వేలల్లో సంపాదించండి" అనేది అందులో ఒకటి. ముందు కొద్దిగా ఇస్తారు, తరువాత మన చేతనే డబ్బు కట్టించుకుంటారు.

లెక్క కోలుకుంది, పిల్లవాడు?

ఇప్పుడు మళ్లీ పిల్లల దగ్గరకు వద్దాం. అదే సర్వేలో మూడో తరగతి పిల్లలను రెండో తరగతి పాఠం చదవమని అడుగుతారు. 2018లో దేశంలోని గ్రామాల్లో నూటికి 27 మంది చదవగలిగారు. 2022లో అది 20కి పడిపోయింది. 2024లో మళ్లీ 27కి వచ్చింది. "చూశారా, అంతా సర్దుకుంది" అనిపిస్తుంది.

కాని కొంచెం ఆగి ఆలోచించండి. 2024లో మూడో తరగతిలో ఉన్న పిల్లలు ఎవరు? 2022లో ఒకటో తరగతిలో చేరినవారు. వారికి బడి బడిలాగే దొరికింది. సంతోషమే. మరి 2020లో ఫోను ముందు కూర్చోబెట్టిన పిల్లలు? వారు ఆ లెక్కలో లేరు. వారు పై తరగతులకు వెళ్లిపోయారు. 2020-21లో ఒకటో తరగతి 'చదివిన' పిల్లలు 2024లో ఐదో తరగతికి వచ్చేసరికి, వారిలో సగానికి పైగా రెండో తరగతి పాఠం చదవలేకపోయారు. కరోనాకు ముందు కూడా ఐదో తరగతిలో దాదాపు సగం మంది చదవలేకపోయేవారన్నది నిజం. ఆ సంగతి దాచనక్కర్లేదు. కాని పాత గాయం మీద మళ్లీ దెబ్బ తగిలింది.

సగటు కోలుకుంది. దెబ్బ తగిలిన పిల్లవాడు మాత్రం పై తరగతిలో వెనుక బెంచీలో కూర్చున్నాడు. అక్కడ రెండో తరగతి పాఠం మళ్లీ ఎవరూ చెప్పరు. ఫిజిక్సు చెబుతారు, చరిత్ర చెబుతారు. చదవడం రాని పిల్లవాడికి అన్నీ ఒకటే.

పెద్ద పిల్లల సంగతీ అంతే. 2020లో, 2021లో రెండు రాష్ట్రాల్లోనూ పదో తరగతి పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. ఆ పరిస్థితుల్లో అది తప్పనిసరి. కాని పాస్ చేసినంత మాత్రాన పాఠం వచ్చినట్టు కాదు. 2021 డిసెంబరులో తెలంగాణ ఇంటర్ మొదటి సంవత్సరం ఫలితాలు వచ్చినప్పుడు నూటికి 49 మందే పాసయ్యారు. చివరికి ప్రభుత్వం అందరినీ కనీస మార్కులతో పాస్ చేయవలసి వచ్చింది. నేడు ఆ పిల్లలే ఉద్యోగాల కోసం తిరుగుతున్నారు. ఎక్కడికి వెళ్లినా "ఓహో, కరోనా బ్యాచా?" అని నవ్వుతున్నారు. ఆ మాట దయచేసి మన ఇళ్లలో వద్దు. వరద వచ్చి పంట పోతే రైతును సోమరి అంటామా?

కళ్లు, మెడ, నిద్ర

ఇది ఆరోగ్య పత్రిక కనుక శరీరం సంగతి కూడా చెప్పాలి. 2020 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఒకటి నుండి ఎనిమిది తరగతులకు రోజుకు రెండు ఆన్‌లైను క్లాసులు మించకూడదని, ఒక్కొక్కటి 30 నుండి 45 నిమిషాలే ఉండాలని సూచించింది. చాలా ఇళ్లలో అది కాగితం మీదే ఉండిపోయింది.

చైనాలోని ఫెయిచెంగ్‌లో లక్ష మందికి పైగా పిల్లల కళ్లు పరీక్షించి 2021లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆరేళ్ల పిల్లల్లో దూరపు చూపు తగ్గినవారు అంతకు ముందు సంవత్సరాల్లో ఎప్పుడూ నూటికి ఆరుగురికి మించలేదు. 2020లో ఇళ్లలో ఉండిపోయిన తరువాత 21 మందికి పైగా కనిపించారు. ఎండలో ఆడుకోవడం తగ్గడం, దగ్గరగా పెట్టి చూడటం పెరగడం దీనికి కారణాలుగా వైద్యులు భావిస్తున్నారు.

దీనివల్ల జరిగే అన్యాయం ఒకటుంది. బోర్డు సరిగా కనిపించని పిల్లవాడు తప్పు రాస్తాడు. టీచరు "శ్రద్ధ లేదు" అంటారు. ఇంట్లో "మొద్దు" అంటారు. కళ్లజోడు పెట్టగానే వాడు మొద్దు కాదని తెలుస్తుంది. కాబట్టి చదవలేని ప్రతి పిల్లవాడికీ ముందుగా కళ్లు, చెవులు చూపించండి. టి.వి.కి దగ్గరగా వెళ్లడం, కళ్లు చికిలించడం, సాయంత్రం తలనొప్పి, పిలిస్తే పలకకపోవడం వంటివి గమనించండి.

పెద్దలకు మరో మాట. మంచం మీద ఒరిగి ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేసే అలవాటు కరోనాతో మొదలై కొందరిలో ఉండిపోయింది. మెడనొప్పి, నడుమునొప్పి, నిద్ర పట్టకపోవడం దాని వెంటే వస్తాయి. బల్ల, కుర్చీ వాడండి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలో ఉన్న దేనినైనా 20 సెకన్లపాటు చూడండి. పడుకునే ముందు ఒక గంట ఫోను దూరంగా పెట్టండి.

ఫోనును తిట్టడం మా ఉద్దేశం కాదు

ఆన్‌లైను వల్ల మేలు జరగలేదని మేము అనడం లేదు. బస్సులు లేని రోజుల్లో ఎందరో షుగరు, బి.పి. రోగులు ఫోనులోనే డాక్టరుతో మాట్లాడి మందులు ఆపకుండా వాడుకున్నారు. 2020 ఏప్రిల్‌లో ఇంటి నుండే డాక్టరును సంప్రదించేలా మొదలైన ఈ-సంజీవని సేవ నేటికీ ఉపయోగపడుతోంది. దుబాయిలో, కువైట్‌లో ఉన్న కొడుకు ముఖం చూసి తల్లి ఊరట పొందింది. పెద్ద పిల్లలు కొందరు ఫోనులోనే కొత్త విద్యలు నేర్చుకుని ఉద్యోగాలు తెచ్చుకున్నారు.

అయితే ఫోను తెలిసినదాన్ని పెంచుతుంది, అక్షరం రాని పిల్లవాడి చేయి పట్టి దిద్దించలేదు. ఆ పని పక్కన కూర్చున్న మనిషే చేయాలి. మా అభిప్రాయం ఇంతే.

ఇప్పుడు మనం చేయగలిగినవి

1. ఈ వారం ఒక సాయంత్రం మీ ఇంటి పిల్లల చేత రెండో తరగతి తెలుగు వాచకం ఒక పేజీ చదివించండి. హైస్కూలు పిల్లలైనా సరే. నవ్వవద్దు, కొట్టవద్దు, పక్కింటి పిల్లలతో పోల్చవద్దు. ఎక్కడ ఆగుతున్నారో మాత్రం గుర్తుపెట్టుకోండి.

2. ఆగితే అక్కడి నుండే మొదలుపెట్టండి. రోజూ అరగంట గట్టిగా చదివించడం చాలు. చదువు రాని తల్లిదండ్రులు కూడా పక్కన కూర్చుని వినవచ్చు. అమ్మ వింటోందంటే పిల్లవాడికి చదవాలనిపిస్తుంది.

3. బడికి ప్రభుత్వ ఆరోగ్య బృందం వచ్చినప్పుడు కంటి పరీక్ష తప్పక చేయించండి. కళ్లజోడు పెడితే ఆడపిల్లకు పెళ్లి కాదేమోనని భయపడి మానవద్దు.

4. సంఘాల్లో ఆనాడు పని పోయిన టీచర్లు, ఇంటర్, డిగ్రీ చదివిన యువతీ యువకులు ఉన్నారు. వారంలో రెండు సాయంత్రాలు సంఘ హాలులో చదువు క్లాసు పెట్టవచ్చు. చెప్పేవారికి కొంత గౌరవ వేతనం కూడా ఇద్దాం. ఊరికే చేయించుకోవద్దు. ఆ రోజుల్లో వారు చాలా ఊరికే చేశారు.

5. ఉద్యోగం పేరుతో ముందుగా డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. మోసపోతే సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

6. పని లేక, అప్పులతో మనసు కుంగిపోయినవారు ఒంటరిగా ఉండవద్దు. 14416 నంబరులో టెలి మానస్ సలహాదారులు ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. మన ఓ.పి.కి వచ్చి డాక్టరుతో చెప్పుకున్నా సరే.

మేము కూడా ఒక పని చేయాలనుకుంటున్నాం. పిల్లవాడు ఓ.పి.కి వస్తే "టీకాలన్నీ వేయించారా?" అని అడుగుతాం కదా. ఇకనుండి "చదవడం వస్తోందా?" అని కూడా అడుగుతాం. రాదంటే తిట్టం, కళ్లు చూస్తాం, చెవులు చూస్తాం, ఎక్కడ నేర్చుకోవచ్చో చెబుతాం. చదువు రావడం కూడా ఆరోగ్యమే. మందు చీటీ చదువుకోలేని ఇంట్లో మంచి మందు కూడా తప్పు వేళకు పడుతుంది.

ఈసారి మందుల కిటికీ దగ్గర మనవడు తడబడితే, పెద్దమ్మలూ, దయచేసి విసుక్కోవద్దు. కిటికీ పక్కన బల్ల మీద ఇద్దరూ కూర్చోండి. ఒక్కొక్క అక్షరం వాడిచేత చదివించండి. మందులు ఇచ్చేవారు ఆ ఐదు నిమిషాలు ఆగుతారు. వాడికి 2020లో ఎవరూ ఇవ్వలేని ఐదు నిమిషాలు అవి.